కుడి మూలన తెల్ల బొమ్మ

ఆ కాగితంలో నలభై తర్వాత నలభై మూడు ఉంది.

వకీలు ప్రమోదిని కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఫిర్యాదుల జాబితా చూసింది. నలభై. దాని కింద నలభై మూడు. పొద్దున ఐదింటికి కరీంనగర్‌లో బస్సెక్కితే ఆదిలాబాద్ చేరేసరికి పదకొండున్నర దాటింది. కుడి మోకాలు వాచి, మడిచినా నొప్పే, చాపినా నొప్పే అన్నట్టుంది. ఇలాంటి రోజున అంకెలు అలుక్కుపోయినా ఆశ్చర్యం లేదు. కానీ ఇవి అలుక్కుపోలేదు.

"సీఐ గారూ, తుడిచింది ఒక్క ఫిర్యాదే అన్నరు మీరు. ఇక్కడ రెండు నంబర్లు లేవు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దశరథం కుర్చీలోంచి కదలకుండా గోడ గడియారం చూశాడు. మూడూ పది.

"ఒకటి గానీ రెండు గానీ, తుడిచింది గీ పిల్లనే గద మేడమ్. నాలుగింటికి నేను తీస్కపోత. ఐదు దాటితే మేజిస్ట్రేట్ సాబ్ దొరకడు. మీకింక యాభై నిమిషాలున్నయి. నంబర్లు లెక్కపెట్టుకుంటరో, ఇంకేమన్న అడుగుతరో మీ ఇష్టం."

అయిదేళ్ళ కింద మంచిర్యాలలో అతను కట్టిన ఒక కేసును ప్రమోదిని కోర్టులో విప్పేసింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆ గదిలో నాలుగో కుర్చీలో అదే కూర్చుని ఉంది.

మూడో కుర్చీలో నసీమా ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, బీకాం చదివింది, ఈ జిన్నింగ్ మిల్లు ఆఫీసులో రెండేళ్ళుగా కంప్యూటర్ మీద పని చేస్తోంది. ఆమె వెనక ఆడ కానిస్టేబుల్ కమలవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. ప్రమోదినికి కబురు పెట్టింది నసీమా తల్లి సుల్తాన్ బీ.

జరిగింది ఇంతే. పోయిన గురువారం పొద్దున మూడో నంబరు జిన్నులో, అంటే గింజను దూదిని విడదీసే యంత్రంలో, బేరింగు కాగి నిప్పు లేచింది. దూది గుప్పున అంటుకుంది. నలుగురు ఆడకూలీలను బయటికి తోసి, రాజం అనే ఆపరేటరు తాను మిగిలిపోయాడు. ఆ యంత్రం పాడయిందని మా ఆయన ముందే ఫిర్యాదు రాయించిండని రాజం భార్య సత్తమ్మ పోలీసులకు చెప్పింది. అవును, నేనే కంప్యూటర్‌లో ఎక్కించానని నసీమా కూడా చెప్పింది. తీరా చూస్తే అక్కడ ఫిర్యాదు లేదు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవై నాలుగుకు దాన్ని తుడిచేశారు. తుడిచినవారి పేరు చోట నసీమా పేరే ఉంది.

"పైకి పంపుడు మర్చింది. మనిషి సచ్చిపోంగనే భయపడి తుడిచింది," అన్నాడు దశరథం. "ఇందుల తెల్వని ముచ్చటేమున్నది?"

ప్రమోదిని నసీమా వైపు తిరిగింది.

"నువ్వు ఎక్కించినయి ఎన్ని?"

"ఒక్కటే మేడమ్. నలభై ఒకటి. సోమవారం పదిన్నరకు రాజమన్న వచ్చిండు. మూడో జిన్ను బేరింగు చెయ్యి పెట్టనిస్తలేదు, ఆపమని రాయి బిడ్డా అన్నడు. అన్నది అన్నట్టే కొట్టిన. కాగితం తీసి మేనేజర్ సాబ్ ట్రేల పెట్టిన."

"మరి నలభై రెండు?"

"నాకు ఎరుకలే. బుధవారం, గురువారం నేను సెలవు. జ్వరం."

"సెలవు రోజు నీ పని ఎవరు చేస్తరు?"

"ఎవరు ఖాళీగుంటే వాళ్ళు. సెలవు చీటీ మీద పాస్‌వర్డ్ రాసియ్యాలె. ఇక్కడ గదే రివాజు. చీటీ ఫైల్ల పెడతరు. ఫైలు అగో, ఆ మేజా మీదనే ఉంటది."

దశరథం ముక్కుతో నవ్వాడు. "తాళమేసి, తాళంచెయ్యి తలుపుకే తగిలిచ్చి పోయినట్టు."

"గట్ల తగిలిచ్చిన తాళాన్ని పట్టుకొని మీరు ఇంటి ఓనర్‌ను జైల్ల పెడుతున్నరు సీఐ గారూ," అంది ప్రమోదిని గొంతు పెంచకుండా. "శుక్రవారం పన్నెండు ఇరవై నాలుగుకు నువ్వెక్కడున్నవమ్మా?"

"రికార్డు రూంల. పన్నెండుకు ఇక్కడ లాగాఫ్ చేసి పోయిన. పాత రిజిస్టర్లు దులుపుతున్న. ఎవ్వరు చూడలే. ఎవరన్న చూసి ఉంటే బాగుండు."

ఆ మాట అన్న తీరులో ఏడుపు లేదు. నాలుగు రోజులుగా అదే మాట చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు అది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మేనేజరు చొక్కారావు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల ధోవతి. వెనక మనిషి చేతిలో చాయ్ గ్లాసులు.

"తాగుండ్రి అమ్మా. దూరం నుంచొచ్చిన్రు," అన్నాడు మర్యాదగా. "మీ ఫోన్ నంబర్ జర చెప్పున్రి, మా మిల్లు దొరవారు హైద్రాబాద్ నుంచి ఫోన్ చేస్తే చెప్పాలె."

ప్రమోదిని చెప్పింది. ఆయన గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకున్నాడు. పేరు కుడి నుంచి ఎడమకు సాగింది. ఆమె చూడటం గమనించి చిన్నగా నవ్వాడు.

"మా కాలంల చదువంత ఉర్దూల్నే అమ్మా. అలవాటు పోదు."

"మీరు కూడ కంప్యూటర్ మీద చేస్తరా?"

"ఏదో, నాలుగు బొమ్మలు గుర్తుపెట్టుకొని నొక్కుత. నా గది మిషనైతే గురువారం సంది ముట్టలే. పొగ పట్టి చెడిపోయింది. గదికే తాళమేసిన." గడియారం చూశాడు. "నాలుగింటికి జిన్ హాల్ మళ్ళ సురువు చేస్తున్నం. పాపం కూలోళ్ళు ఐదు రోజుల సంది ఖాళీగున్నరు. భోంగ, అదే సైరను, కూస్తది, భయపడకుండ్రి."

ఆయన వెళ్ళాడు. మిల్లంతా నిశ్శబ్దంగా ఉందని ప్రమోదినికి అప్పుడే తట్టింది. వచ్చినప్పటి నుంచి యంత్రం చప్పుడు ఒక్కటీ వినలేదు.

చాయ్ ఒక గుక్క తాగి ఆమె లేచింది. మోకాలు కలుక్కుమంది.

"నీ మిషన్ చూపించు నసీమా."

హాల్లో వరసగా నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు. పనివాళ్ళను బయటికి పంపేశారు. సర్వర్ చూసుకునే అజీముద్దీన్ ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, చొక్కా జేబులో మూడు పెన్నులు, కళ్ళ కింద నలుపు. నాలుగు రోజులుగా పోలీసులు అతన్నీ తిప్పుతున్నారు.

"అజీముద్దీన్, నాకు చదువు చెప్పినట్టు చెప్పు. ఇక్కడ ఎవరి మిషన్ వాళ్ళదేనా?"

"బల్లలు వాళ్ళవి మేడమ్. స్క్రీన్ మాత్రం సర్వర్ల ఉంటది. ఎవరు ఏ మిషన్ ముందట కూసున్నా, పేరు పాస్‌వర్డ్ కొడితే వాళ్ళ స్క్రీన్ వచ్చేస్తది. వాళ్ళు పెట్టుకున్న బొమ్మలు, షార్ట్‌కట్లు, అన్నీ. లాగాఫ్ అయినప్పుడు ఏమన్న మార్చి ఉంటే గది మళ్ళ సర్వర్లకు ఎక్కుతది."

"ఎవరి పెట్టె వాళ్ళెంట వచ్చినట్టు."

"అచ్చం గట్లనే."

"అంటే నసీమా పెట్టెను ఎవరైనా తమ బల్ల మీద తెరవొచ్చు."

"తెరవొచ్చు."

"ఏ బల్ల మీద తెరిచిన్రో సర్వర్ రాసుకోదా?"

అజీముద్దీన్ తల దించాడు. "రాసుకుంటది. గది నేను పెట్టాలె. డిస్కు నిండుతదని పెట్టలే మేడమ్. నాదే తప్పు."

"మంచిగుంది," అన్నాడు దశరథం వెనక నుంచి. "ఊరంత తలుపులు బార్ల, కావలోడు నిద్రల."

నసీమా తన పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. స్క్రీన్ నెమ్మదిగా నిండింది. ఎడమ పక్కన పైనుంచి కిందికి ఎనిమిది బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, సూటిగా. మొదటిది ఫిర్యాదుల ప్రోగ్రాం. పొద్దున రాగానే తెరిచేది మొదట, సాయంత్రం వాడేది చివర. డబ్బాల మీద పేర్లు రాయకపోయినా ఏ డబ్బాలో ఏముందో చీకట్లో చెప్పగల వంటింటి అరలా ఉంది.

ఆ అరకు దూరంగా, స్క్రీన్ కుడివైపు పై మూలన, ఒక్కటే ఒక బొమ్మ. బొమ్మ అనడానికి కూడా లేదు, తెల్ల కాగితం ముక్కలా ఉత్త చతురస్రం. కింద పేరు మాత్రం ఫిర్యాదుల ప్రోగ్రాందే.

"ఇది నువ్వు పెట్టిందా?"

"లేదు మేడమ్. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి లాగిన్ అయినప్పుడు కనబడ్డది. అజీం సార్ ఏమన్న పెట్టిండేమో అనుకున్న."

"నేను పెట్టలే," అన్నాడు అజీముద్దీన్ వెంటనే.

దశరథం ముందుకు వంగి చూశాడు. మొదటిసారి అతని కళ్ళు చురుగ్గా కదిలాయి.

"అందరు ఎడమకు పెట్టుకుంటరు. ఇది కుడికి పెట్టిన్రు. కుడి దిక్కు నుంచి సురువు చేసేటోళ్ళెవరో నేను చెప్పాల్నా మేడమ్? గీ మిల్లుల పాస్‌వర్డ్లన్నీ తెలిసినోడు ఒక్కడే. నిల్చొనే ఉన్నడు."

అజీముద్దీన్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "సార్, నేను సుల్తానాబాద్‌ల తెలుగు మీడియం. ఖురాన్ చదువుత గానీ ఉర్దూ రాయరాదు. ఇంట్ల కూడ మా అమ్మీ తిడతది."

"రాయరాదని ఎవరన్న చెప్తరు."

"సీఐ గారూ," అంది ప్రమోదిని, "ఉర్దూ చదివినోళ్ళు ఎవరని పేరు చూసి లెక్క కట్టకండి. మా బాపు కూడ ఉర్దూ మీడియమే. సుద్దపప్పు తినే బ్రాహ్మడు." క్యాలెండరు మీద పెన్సిలు రాత ఆమె మనసులో ఒక మూల కూర్చుంది. "అజీముద్దీన్, ఈ బొమ్మ ఎప్పుడు పుట్టిందో చెప్పగలవా?"

అతను మౌస్ కుడి మీట నొక్కాడు. చిన్న కాగితంలాంటిది తెరుచుకుంది. "శుక్రవారం. పన్నెండూ పంతొమ్మిది."

తుడిచింది పన్నెండూ ఇరవై నాలుగుకు. అయిదు నిమిషాల ముందు. ప్రమోదిని తన చీటీ మీద రెండు టైములూ ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

"ఎడమ పక్కన అదే ప్రోగ్రాం బొమ్మ ఉండంగ, కొత్తది ఎందుకు పెట్టుకోవాలె?"

అజీముద్దీన్ ఆలోచించాడు. "ఆ పాతది పని చేయకుంటేనే పెట్టుకోవాలె. షార్ట్‌కట్ అంటే ప్రోగ్రాం కాదు మేడమ్, ప్రోగ్రాం యాడున్నదో చెప్పే అడ్రసు. ఈ నాలుగు మిషన్లల్ల ప్రోగ్రాం ఒక్క జాగల్నే ఉంది. ఇంకేదన్న మిషన్ల వేరే జాగల ఉంటే, నసీమా బొమ్మ నొక్కితే తెరుచుకోదు. గప్పుడు అక్కడిది వెతికి కొత్త బొమ్మ పెట్టుకోవాలె."

"పెట్టుకున్నాయన తీసెయ్యలేదేం?"

"తన మిషన్ల పెట్టింది తన మిషన్లనే ఉంటదనుకున్నడేమో. సర్వర్లకు ఎక్కి మళ్ళ నసీమా ఎంట వస్తదని తెల్వదు." అతను ఒక్కసారిగా ఆగిపోయాడు. "మేడమ్, శుక్రవారం నేను జుమ్మా నమాజుకు పోత. కరెంటు పోతే చూసేటోడు ఉండడని సర్వర్ బంద్ చేసి పోత. పన్నెండున్నరకు ముందు హాల్లకొచ్చి అందరు లాగాఫ్ కాండ్రని ఒర్లుత. ఆ దినం కూడ ఒర్లిన. ఆయన ఎవరో నా మాట ఇని బుద్ధిగ లాగాఫ్ అయిండు. అందుకే ఇది ఎక్కింది. వైరు పీకేసి పోయి ఉంటే ఇక్కడ ఏమీ ఉండకపోవు."

దశరథం జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"కథ బాగుంది. కోర్టుల తెల్ల బొమ్మ చూపిస్తరా? ఏ మిషన్ల పుట్టిందో చెప్పుండ్రి, ఇంట."

"నొక్కు," అంది ప్రమోదిని.

"తెరుచుకోదు మేడమ్. ఆ అడ్రసు ఇక్కడ లేదు."

"తెరుచుకోకపోతే ఏం చేస్తదో చూద్దాం. నొక్కు."

అజీముద్దీన్ తెల్ల బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరగడం మొదలయింది. పది సెకన్లు. ఇరవై. ప్రమోదిని బల్ల అంచు పట్టుకుని మోకాలి మీద బరువు తప్పించుకుంది. నలభై సెకన్లు దాటాక చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. పై వరసలో ఒక పేరు.

అజీముద్దీన్ ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది... ఇది పుట్టిన జాగకు పోయింది మేడమ్. షార్ట్‌కట్ చేసినప్పుడు ఏ మిషన్ల చేసిన్రో ఆ పేరు కూడ లోపల దాచుకుంటదట. ఇక్కడ దొరకకపోతే నెట్‌వర్క్ మీద ఆ మిషన్ను వెతుక్కుంట పోతది. పుస్తకంల చదివిన గానీ చూడలే."

"పుట్టిల్లు మరవలేదన్నమాట. ఆ పేరేంది?"

"మిల్ ఫైవ్."

"ఐదో మిషన్ ఎవరిది?"

"నాది," అన్నాడు చొక్కారావు.

ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా చేతుల మీద బూడిదరంగు దుమ్ము.

"నాదే గానీ అమ్మా, చెప్పిన గద. గురువారం సంది బంద్. గదికి తాళం."

"చచ్చిన మిషన్ పాస్‌వర్డ్ అడగదు సార్," అన్నాడు అజీముద్దీన్. మేనేజరుతో అంత సూటిగా మాట్లాడటం అతనికీ కొత్తే అయ్యుండాలి. "ఇది అడుగుతుంది. అంటే ఇప్పుడు చాలూ ఉంది."

చొక్కారావు తెర వైపు చూడలేదు. నసీమా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"చూసొస్త ఉండుండ్రి," అని వెళ్ళిపోయాడు.

"చూసిన్రా?" అంది ప్రమోదిని.

"ఏం చూసిన?" అన్నాడు దశరథం. కానీ అతను తలుపు వైపు ఒక అడుగు వేశాడు. "పెద్దమనిషి. నలభై ఏండ్ల సర్వీసు. బొమ్మ చెప్పిందని ఆయన్ని పట్టుకొమ్మంటరా? ఎస్పీ సాబ్ నా బెల్టు ఊడదీస్తడు."

"ఈ పిల్ల పేరు కూడ కంప్యూటరే కద చెప్పింది? ఆమెను పట్టుకునేటప్పుడు మీ బెల్టు గుర్తుకు రాలేదు."

దశరథం టోపీ సర్దుకుని వరండా వైపు చూశాడు.

"అజీముద్దీన్, మళ్ళీ నొక్కు."

ఇసుక గడియారం బొమ్మ తిరిగింది. ఈసారి నలభై సెకన్లు కాదు, నిమిషం దాటింది. పాస్‌వర్డ్ పెట్టె రాలేదు. ఆ మిషన్ దొరకడం లేదని ఒక ముక్క కనిపించి ఆగిపోయింది.

గోడ గడియారంలో మూడూ యాభై రెండు.

"బంద్ చేసిన్రు," అన్నాడు అజీముద్దీన్ నెమ్మదిగా. "ఇప్పుడే."

దశరథం అప్పటికే వరండాలో ఉన్నాడు. ఎంతైనా పోలీసు. ప్రమోదిని గోడ పట్టుకుంటూ వెనకే నడిచింది. మేనేజరు గది తలుపుకు తాళం లేదు. దగ్గరగా వేసి ఉంది, అంతే.

లోపల మానిటరు మీద పొగమసి లేదు. ప్రమోదిని అద్దం మీద అరచేయి ఆనించింది. వెచ్చగా ఉంది. గోడ దగ్గర వైరు పీకి కింద పడేసి ఉంది. చొక్కారావు కుర్చీలో కూర్చుని, కంప్యూటరు డబ్బాను రెండు చేతులా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియని మనిషిలా.

"పొద్దటి సంది తుడుస్తనే ఉన్న అమ్మా," అన్నాడు. "ఏం తుడవాల్నో సమజ్ కాలే."

దశరథం తలుపు మూయలేదు. గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు. "ఎవరు చెప్పిన్రు సార్?"

"దొర. శుక్రవారం ఫోన్ల చెప్పిండు. ఫిర్యాదు ఉంటే మిల్లు మూతపడుతది అన్నడు. నా పేరు మీద తుడిస్తే నా పేరు పడుతది గద. ఆ పిల్ల చీటీ ఫైల్ల ఉండె." ఆయన తల ఎత్తలేదు. "ఆమెను పట్టుకపోతరనుకోలే. రెండు మూడు దినాల్ల వదిలేస్తరనుకున్న."

సగం తెరిచిన తలుపు అవతల నసీమా ఉంది. కమలవ్వ ఆమె భుజం పట్టుకుని ఉంది గానీ గట్టిగా కాదు. ఆ పిల్ల విన్నది. మొహంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. బరువు దించిన తర్వాత కూడా చేతులు అలాగే ఉండిపోయినట్టు నిలబడింది.

కేసు తేలింది. ప్రమోదినికి ఇంటికి పోయి, కాళ్ళు చాపుకుని పడుకోవాలనిపించింది. రాత్రి బస్సు ఏడింటికి. కానీ చేతిలో చీటీ ఉంది. దాని మీద తానే రాసుకున్న అంకెలు.

"చొక్కారావు గారూ, నసీమా రాసింది నలభై ఒకటి. మీరు రెండు తుడిచిన్రు. నలభై రెండు ఎవరు రాసిన్రు?"

ఆయన చేతులు డబ్బా మీద బిగుసుకున్నాయి.

"నేనే. బుధవారం. రాజం మళ్ళ వచ్చిండు. ఆ పిల్ల లేదు. ఆమె బల్ల కాడ కూసోని నేనే కొట్టిన."

"మూడో జిన్ను గురించేనా?"

ఆయన కిటికీలోంచి జిన్ హాల్ వైపు చూశాడు.

"చెప్పండి."

"రెండోది," అన్నాడు. "రెండో నంబరు బేరింగు కూడ గట్లనే కాగుతుంది అన్నడు. కొత్తది నాగపూర్ నుంచి రావాలె అమ్మా. ఇంక రాలే. గ్రీసు పెట్టించిన. రెండు దినాలు నడుపుమని దొర అన్నడు..."

ఆయన మాట పూర్తి కాలేదు. మిల్లు కప్పు మీద భోంగ కూసింది. అద్దాలు వణికాయి. నాలుగయింది.

కిటికీలోంచి కనిపించింది. జిన్ హాల్ పెద్ద తలుపులోకి ఆడవాళ్ళు వరసగా పోతున్నారు, నోటికి గుడ్డలు కట్టుకుని, ఐదు రోజుల తర్వాత పని దొరికిన తొందరలో. ముప్పై మంది ఉంటారు. మొదటి జిన్ను మూలుగు సన్నగా లేచి నిలదొక్కుకుంది.

"మెయిన్ స్విచ్ ఎక్కడ?" అరిచాడు దశరథం.

చొక్కారావు పెదవులు కదిలాయి. భోంగ మోతలో మాట వినిపించలేదు.

"నాకెరుక!"

నసీమా గొంతు అది. కమలవ్వ చెయ్యి విదిలించుకుని, చున్నీ జారిపోతే జారిపోనిచ్చి, ఆ పిల్ల వరండా దిగి పరిగెత్తుతోంది. కమలవ్వ వెంట పడింది.

"ఏయ్, ఆగు! ఆగు పిల్లా!"

"ఆపకు కమలవ్వా!" అని దశరథం అరిచి, టోపీ అక్కడే పడేసి తానూ ఉరికాడు.

ప్రమోదిని మెట్టు దగ్గరికి వచ్చేసరికి మోకాలు ఇక వంగలేదు. ఆమె స్తంభం పట్టుకుని ఆగిపోయింది. దూది గుట్టల మధ్య పరిగెత్తుతున్న నసీమా జిన్ హాల్ గుమ్మానికి ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగానే, మొదటి మూలుగుకు రెండోది వచ్చి కలిసింది.